కౌంటర్ దగ్గరికి నీ తమ్ముడే వస్తే

ప్రశ్న:

మేడం గారికి నమస్కారం. మాది పరకాల దగ్గర ఒక ఊరు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌సీసీలో ఉన్నాను. వచ్చే నెల మా కాలేజీలో ఆర్మీ వాళ్ళు ఉద్యోగాల అవగాహన సదస్సు పెడుతున్నారు. చుట్టుపక్కల ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు చాలామంది వస్తారట. ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్ వాళ్ళం నలభై మందిమి రెండు రోజులు సాయంగా ఉండాలన్నారు. నన్ను పేర్లు రాసుకునే కౌంటర్ దగ్గర పెట్టారు. ‘యూనిఫాంలో ఉండు, పిల్లలకు అగ్నివీర్ గురించి చెప్పి ఉత్సాహపరచు’ అన్నారు సార్.

నాకు ఇష్టమే. కానీ నా రూమ్మేట్ ‘నాలుగేళ్ళకు ఇంటికి పంపే ఉద్యోగానికి పిల్లల్ని నువ్వెందుకు తోలుతవ్? రేపు వాళ్ళకేమన్నా అయితే ఆ పాపం నీది కాదా?’ అంది. ఆ మాట నన్ను వదలడం లేదు. మా తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. రోజూ పొద్దుగాల నాలుగింటికి లేచి ఊరి రోడ్డు మీద ఉరుకుతాడు. ‘అక్కా, ఆ రోజు నీ దగ్గరికే వచ్చి పేరు రాయించుకుంట’ అంటున్నాడు. అమ్మకు తెలిస్తే ఏడుస్తుంది. బాపు కౌలుకు పత్తి పెట్టిండు, ‘వానికి ఏదో ఒక నౌకరి దొరికితే చాలు’ అంటున్నాడు. నేను ఆ కౌంటర్ దగ్గర నిలబడొచ్చా? తమ్ముడు వస్తే ఏం చెప్పాలి?

- ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు:

బిడ్డా, నిలబడు. కానీ ‘ఉత్సాహపరచు’ అన్న మాట దగ్గర మీ సార్‌తో ఒకసారి మాట్లాడి నిలబడు.

ఇలాంటి సదస్సులో పిల్లలు చేసే పనులు రెండు రకాలు. వచ్చినవాళ్ళకు చేయి అందించడం ఒకటి: దారి చూపడం, నీళ్ళివ్వడం, ఫారం నింపడంలో సాయం చేయడం, గది ఎక్కడో చెప్పడం. వచ్చినవాళ్ళను ఒప్పించడం ఇంకొకటి. మొదటిది నీ వయసు పిల్లలు ఎవరైనా మనస్ఫూర్తిగా చేయాల్సిన పని. రెండోది నీది కాదు. దానికి జీతం తీసుకునే అధికారులు, అనుభవం ఉన్న జవాన్లు అక్కడికి వస్తారు. ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది వాళ్ళే, రేపు ఆ జవాబుకు కట్టుబడాల్సింది కూడా వాళ్ళే. ‘సార్, కౌంటర్ పని నేను చేస్తాను. ఉద్యోగం గురించి అడిగినవాళ్ళను అధికారుల టేబుల్ దగ్గరికి పంపిస్తాను’ అని చెప్పు. కాదనరు. ఒకవేళ కాదంటే నీళ్ళ దగ్గర పెట్టమను. అది చిన్న పనేమీ కాదు, ఎందుకో తర్వాత చెప్తాను.

నీ రూమ్మేట్ మాటను కొట్టిపారేయకు. ఆ అమ్మాయి కటువుగా అంది గానీ అందులో ఒక నిజం ఉంది. 1948లో చట్టం చేసి ఎన్‌సీసీని పెట్టారు, మరుసటి ఏడాదికే అమ్మాయిల విభాగం వచ్చింది. అందులో చేరినవాళ్ళు సైన్యంలోకి వెళ్ళి తీరాలన్న బాధ్యత ఏ చట్టమూ పెట్టలేదు. అయితే యువతను సైన్యం వైపు ఆకర్షించడం ఎన్‌సీసీ ఆశయాల్లో ఒకటి, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. నువ్వు ఖాకీ వేసుకుని, బెల్టు పెట్టుకుని, టోపీ సర్దుకుని నిలబడితే పదిహేడేళ్ళ పిల్లవాడికి నువ్వు డిగ్రీ చదివే అక్కలా కనిపించవు. ఆర్మీ మేడంలా కనిపిస్తావు. నువ్వు యథాలాపంగా అన్న మాట కూడా వాడికి సర్కారు మాటే అవుతుంది. ఆ సంగతి నాకు తెలిసొచ్చిన రోజు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఏడెనిమిదేళ్ళ కింద, నేను ఇంకా కాలేజీలో పాఠాలు చెప్తూ ఎన్‌ఎస్‌ఎస్ చూసుకుంటున్న రోజులు. హనుమకొండలో సైనిక భర్తీ ర్యాలీ జరిగింది. మా పిల్లలు ఇరవై మందిని తీసుకుని వెళ్ళాను. అప్పట్లో ఇప్పటిలా ముందు కంప్యూటర్ పరీక్ష లేదు. ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకున్న ప్రతివాడూ నేరుగా మైదానానికి వచ్చేవాడు. అర్ధరాత్రి నుంచే లోపలికి పంపుతారు, తెల్లవారకముందే పరుగు మొదలవుతుంది. సాయంత్రానికే రోడ్డు పొడుగునా పిల్లలు. అట్టపెట్టెలు విప్పి పరుచుకుని, చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నారు. కొందరు ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి తుంచుకు తింటున్నారు. ఒకడు పదో తరగతి మెమోను పాలిథిన్ కవర్లో చుట్టి బనీను లోపల దాచుకున్నాడు. నిద్రలో కూడా వాడి చేయి దాని మీదే ఉంది. చలిలో పరుగెత్తబోయే పిల్లలు దాహానికి నీళ్ళు ఎక్కడున్నాయని వెతుక్కుంటూ తిరిగారు. అందుకే నీళ్ళ పని చిన్నది కాదన్నాను.

రాత్రి పదకొండు గంటలకు ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ఒక గోండు పిల్లవాడు మా వాలంటీర్ దగ్గరికి వచ్చాడు. చొక్కా చేయి పైకి మడిచి భుజం కింద ఉన్న పచ్చబొట్టు చూపించి, ‘అన్నా, ఇది ఉంటే తీసుకుంటరా?’ అని అడిగాడు. మావాడు మంచి పిల్లవాడు, రెండు రోజులుగా నిద్ర లేకుండా పనిచేస్తున్నాడు. వాడికి తెలిసింది ఒక్కటే: మోచేతి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు, అరచేయి వెనక తప్ప ఇంకెక్కడా పచ్చబొట్టు ఉండకూడదని. ‘తీసుకోరు తమ్మీ’ అన్నాడు. ఆ పిల్లవాడు ఇంకో మాట అడగలేదు. చొక్కా చేయి కిందికి దింపుకుని, గుండీ పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కాసేపటికి మావాడు మాటల్లో ఆ సంగతి చెప్పాడు. నాకెందుకో అనుమానం వచ్చి లోపల టేబుల్ దగ్గరున్న హవల్దార్‌ని అడిగాను. గిరిజన తెగల పిల్లలకు తమ ఆచారం ప్రకారం వేయించుకున్న పచ్చబొట్లకు సడలింపు ఉంటుందని, ధృవపత్రం చూపిస్తే అధికారులు చూస్తారని ఆయన చెప్పాడు. ఇద్దరు పిల్లలను బస్టాండుకు ఉరికించాను, వెనకాలే నేనూ వెళ్ళాను. ప్లాట్‌ఫారాలన్నీ తిరిగాం. దొరకలేదు. వాడి పేరు కూడా మేము రాసుకోలేదు. పరుగులో గెలిచేవాడో ఓడేవాడో తెలియదు. మేం వాణ్ణి పరుగు దాకా పోనివ్వలేదు.

తప్పు నాది. మా పిల్లలకు నీళ్ళ డ్రమ్ములు ఎక్కడ పెట్టాలో చెప్పాను, జిరాక్సు షాపు ఎక్కడుందో చెప్పాను. ‘తెలియదు, కనుక్కుని చెప్తా’ అనే మాట ఒకటుందని మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత ఏ కార్యక్రమానికి పిల్లలను తీసుకెళ్ళినా మొదట ఈ మాటే పలికించేదాన్ని, ఒక్కొక్కరితో పైకి. నువ్వూ మీ నలభై మందితో పలికించు. చెవుడు, చూపు, చదునుపాదాలు, కులం సర్టిఫికెట్, మార్కుల శాతం, వయసులో నాలుగు రోజుల తేడా, ఏది అడిగినా సరే. ‘అవును’ అని నువ్వు అనకు, ‘కాదు’ అని అసలే అనకు. చేయి పట్టుకుని టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళు.

అయినా నిన్ను అడుగుతారు. అమ్మాయివి, దగ్గరగా కనిపిస్తావు, మీసాల సార్‌ని అడగడానికి భయపడే పిల్లలు నిన్నే అడుగుతారు. అందుకని నాలుగు సంగతులు నువ్వు సరిగ్గా తెలుసుకుని ఉండాలి. తీపినీ చేదునూ ఒకే గుక్కలో చెప్పాలి. ఒకటి చెప్పి రెండోది మింగేస్తే, అప్పుడు నీ రూమ్మేట్ అన్న మాట నిజమవుతుంది.

అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. అందులో చేరినవాణ్ణి అగ్నివీర్ అంటారు. శిక్షణతో కలిపి నాలుగేళ్ళు. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలు, నాలుగో ఏడాదికి అది 40,000 అవుతుంది. కానీ అందులో నెలనెలా 30 శాతం నిధికి పోతుంది. అంటే మొదటి ఏడాది చేతికొచ్చేది 21,000. ఈ లెక్క చాలామంది పిల్లలకు తెలియదు. ముప్పై వేలు ఇంటికి పంపుతానని అమ్మకు మాటిచ్చి వెళ్తారు. కోసుకున్న డబ్బుకు సమానంగా ప్రభుత్వమూ వేస్తుంది. నాలుగేళ్ళు నిండాక వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు చేతికొస్తాయని పథకం పెట్టినప్పుడు చెప్పారు. దానిమీద ఆదాయపు పన్ను లేదు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ 48 లక్షల జీవిత బీమా ఉంటుంది, దానికి జీతంలోంచి ఏమీ కోయరు.

ఇక రెండో సగం. నాలుగేళ్ళు పూర్తయినవాళ్ళలో 25 శాతం వరకే పర్మనెంటుగా తీసుకుంటారు. మిగతావాళ్ళు ఆ డబ్బుతో ఇంటికి వస్తారు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికులకు ఉండే హోదా లేదు. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో వాళ్ళకు 10 శాతం పోస్టులు కేటాయిస్తామని 2022లోనే ప్రకటించారు. కానీ అది మళ్ళీ పరీక్ష రాసి తెచ్చుకోవాల్సిన ఉద్యోగమే. సైన్యంలో మొదటి బ్యాచ్ 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టింది. 2026 చివర్లో వాళ్ళ నాలుగేళ్ళు నిండుతాయి. అంటే బయటికొచ్చినవాడి బతుకు ఎలా ఉంటుందో చూసి చెప్పడానికి మన ఊళ్ళల్లో ఇప్పటిదాకా పెద్దగా ఎవరూ లేరు. ఎవరైనా నీకు ‘బ్రహ్మాండంగా ఉంటుంది’ అన్నా, ‘నాశనమే’ అన్నా ఊహించి చెప్తున్నట్టే లెక్క.

ఈ రెండు సగాలూ విన్నాక కూడా ఉత్సాహంగా వెళ్ళే పిల్లలు ఉంటారు. వాళ్ళను చూసి నాకు గర్వంగానే ఉంటుంది. ఇరవై ఒకటికో ఇరవై రెండుకో పదకొండు లక్షలు చేతిలో ఉండి, ఒళ్ళు గట్టిపడి, నాలుగు రాష్ట్రాలు చూసి వచ్చిన కుర్రాడికి అది మంచి మొదలే కావచ్చు. పత్తికి గులాబీ పురుగు పడితే ఏడాది కష్టమంతా మట్టిలో కలిసే ఇంట్లో ఆ డబ్బు విలువ ఏమిటో హైదరాబాదులో కూర్చుని విమర్శించేవాళ్ళకు తెలియదు. మీ బాపుకు తెలుసు. ఆయన మాటలో ఆశ తప్పేమీ కాదు.

మీ అమ్మ భయమూ తప్పు కాదు. సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణం విడిచినప్పుడు తెలంగాణలో ప్రతి తల్లీ టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. రెండేళ్ళకు, మళ్ళీ జూన్‌లోనే, 17వ తేదీన సికింద్రాబాద్ స్టేషన్‌లో అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా గొడవ జరిగింది. పోలీసు కాల్పుల్లో చనిపోయిన పిల్లవాడు మన వరంగల్ జిల్లా వాడే. సైన్యంలో చేరాలని ఏళ్ళ తరబడి తయారైనవాడు. మీ పరకాలకు, ఆ ఊరికి ఎంత దూరం? మీ అమ్మకు యుద్ధమంటే ఒక భయం, ఈ ఉద్యోగం కోసం పిల్లలు పడే ఆరాటమంటే ఇంకో భయం. ‘భయపడకమ్మా’ అంటే పోయేవి కావు. కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఇప్పుడు తమ్ముడి సంగతి.

వాడికి ఏం చెప్పాలన్నది కౌంటర్ దగ్గర తేల్చే విషయం కాదు, మీ ఇంటి అరుగు మీద తేలాలి. సదస్సుకు ముందు ఒక ఆదివారం ఊరికి వెళ్ళు. అమ్మ, బాపు, తమ్ముడు, నలుగురూ ఉన్నప్పుడు నేను పైన రాసిన రెండు సగాలూ చదివి వినిపించు. పద్దెనిమిది నిండనివాడు చేరాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి. అందుకని అమ్మకు తెలియకుండా అనే మాటే లేదు. ఈ సంగతి తమ్ముడికి ముందే చెప్పు. సంతకం పెట్టాల్సిన మనిషిని చివరి రోజు ఏడిపించి పెట్టించుకోవడం కన్నా మూడు నెలల ముందు ఒప్పించుకోవడం మేలు.

వాణ్ణి రెండు ప్రశ్నలు అడుగు. నాలుగేళ్ళ తర్వాత ఆ 25 శాతంలో నువ్వు లేకపోతే ఏం చేస్తావు? వాడి దగ్గర జవాబు ఉండాలి. డిగ్రీయా, పోలీసు ఉద్యోగమా, బాపుతో వ్యవసాయమా, ఏదో ఒకటి. ‘అప్పుడు చూద్దాం లే’ అంటే ఇంకా సిద్ధం కాలేదన్నమాట. రెండోది: సైన్యమంటే అగ్నివీర్ ఒక్కటేనా?

ఈ రెండో ప్రశ్న దగ్గర మన ఉత్తర తెలంగాణ పిల్లలు చాలా నష్టపోతున్నారు. కరీంనగర్ దగ్గర రుక్మాపూర్ సైనిక గురుకులంలో చదివే పిల్లలకు తెలిసిన దారి పరకాల పిల్లలకు తెలియదు. ఇంటర్ రెండో ఏడాది చదువుతూనే ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయొచ్చు. వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర లోపు ఉండాలి. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. ఆర్మీకి ఏ గ్రూపైనా సరే, నేవీకి, ఎయిర్‌ఫోర్సుకు మాత్రం ఎంపీసీ ఉండాలి. ఎంపికైతే నేరుగా అధికారి అయ్యే దారి అది. కష్టమే. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగులో ఉండదు. ఆ తర్వాత ఐదు రోజుల ఇంటర్వ్యూ. చాలామంది తప్పుతారు. తప్పినా వయసు మిగిలే ఉంటుంది, డిగ్రీ అయ్యాక సీడీఎస్ అని అధికారుల కోసమే ఇంకో పరీక్ష ఉంటుంది. ఉరకగలిగినవాడు కనీసం ఒకసారి ఆ ఫారం నింపాలి కదా? అగ్నివీర్‌కు వెళ్తే వెళ్ళనీ, ఇంకో తలుపు ఉందని తెలిసి వెళ్ళాలి. 2025 నుంచి అగ్నివీర్ రాతపరీక్ష తెలుగులోనూ పెడుతున్నారు, అది మాత్రం మన పిల్లలకు పెద్ద మేలు.

నీ గురించి ఒక మాట. నువ్వు అడగలేదు గానీ చెప్తాను. డిగ్రీతో పాటు ఎన్‌సీసీ ‘సీ’ సర్టిఫికెట్ తెచ్చుకుంటే రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకి పిలిచే ప్రత్యేక ప్రవేశం ఉంది, అమ్మాయిలకు కూడా. ఎన్‌డీఏలో చేరిన మొదటి అమ్మాయిల బ్యాచ్‌లో పదిహేడు మంది 2025 మే నెలలో శిక్షణ ముగించుకుని బయటికి వచ్చారు. ఆ రెండు రోజుల్లో తీరిక దొరికితే అధికారుల టేబుల్ దగ్గర నీ కోసం కూడా ఒక ప్రశ్న అడుగు.

సదస్సు పనిలో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు నీ చేతిలోకి తీసుకోకు. ఎవరైనా ‘అక్కా, కాసేపు పట్టుకో’ అన్నా వద్దను. గుంపులో ఒక్క మెమో తారుమారైతే వాడు కొత్తదాని కోసం బోర్డు ఆఫీసు చుట్టూ తిరగాలి. నువ్వు రాసుకునే పేర్లు, ఫోన్ నంబర్ల కాగితం మీద రెండు కళ్ళూ పెట్టు. ఇలాంటి సదస్సుల చుట్టూ కోచింగ్ సెంటర్ల మనుషులు తిరుగుతుంటారు, ‘ఒక్క ఫొటో తీసుకుంట చెల్లె’ అంటారు. తీయనివ్వకు. ఆ నంబర్లకు మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. కొన్నాళ్ళకు దళారి ఫోన్ చేస్తాడు, ‘మెడికల్‌లో నేను చూసుకుంటా, రెండు లక్షలు రెడీ చేసుకో’ అంటాడు. కౌలు రైతు ఇంట్లో ఆ రెండు లక్షలు ఎక్కడి నుంచి వస్తాయో నీకు నేను చెప్పాలా? భర్తీలో డబ్బుతో అయ్యే పని లేదని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి కౌంటర్ ముందు అతికించు. మీ సార్‌ని అడిగితే ఆర్మీ వాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు, వాళ్ళూ ప్రతిసారీ ఈ మాటే చెప్తారు.

హాజరు పోకుండా కాలేజీ నుంచి కాగితం రాయించుకోండి. సాయంత్రం ఎన్నింటికి వదులుతారు, హాస్టల్‌కు ఎవరు దింపుతారు, అమ్మాయిలకు బాత్రూం ఎక్కడ, భోజనం ఎవరిది, ఇవన్నీ ముందే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటే రెండో రోజు సాయంత్రానికి అమ్మాయిలందరూ నీరసపడి కూర్చుంటారు, నేను చూశాను.

ఇక ఆ రోజు తమ్ముడు వస్తానన్నాడు కదా, రానీ. పొద్దున పరకాల బస్సు దిగగానే టిఫిన్ తినిపించు. కానీ పేరు మాత్రం నీ కౌంటర్‌లో రాయకు. నీ పక్క కౌంటర్‌లో ఉన్న క్యాడెట్‌తో ముందే చెప్పి పెట్టు, తమ్ముడు అందరితో పాటు ఆ వరుసలో నిలబడి రాయించుకుంటాడు. తర్వాత అధికారుల టేబుల్ దగ్గరికి నువ్వు వెళ్ళకు, వాణ్ణి ఒక్కడినే పంపు. ఆదివారం మీరు ఇంట్లో మాట్లాడుకున్నప్పుడు తేలని ప్రశ్నలు ఒక కాగితం మీద రాసిస్తే అవి చూసి వాడే అడుగుతాడు. వాటిలో ఒకటి అమ్మ అడగమన్న ప్రశ్న ఉండేట్టు చూడు.